గురివింద తూకం

మియాపూర్, హైదరాబాదు
జూన్ 14

అత్తకు సుష్మ నమస్కారాలు.

కవరు మీద నా చేతిరాత చూసి గుండె పట్టుకోవద్దు. ఎవరికీ ఏమీ కాలేదు. పెళ్ళికి ఒప్పుకున్నానేమోనని సంబరపడిపోవద్దు కూడా. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒకే గోడ. నీ ఫోన్ మోగితే చాలు, "ఎవరు జయమ్మా, సుష్మనా?" అంటూ నాన్న పేపరు చేతపట్టుకుని మీ అరుగు మీదికి వచ్చేస్తాడు. నీ ఫోనేమో స్పీకర్లో తప్ప పలకదు. ఇప్పుడు చెప్పబోయేది నాన్న చెవిన పడకూడదు.

ఆదివారాలు నేను యోగాకు వెళ్తున్నానని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు గదా. యోగా లేదు, ఏమీ లేదు. రెండేళ్ళుగా శంకర్‌పల్లి దారిలో ఒక షూటింగ్ క్లబ్బుకు వెళ్తున్నాను. అక్కడ గాల్లోకి మట్టి పళ్ళెం విసురుతారు. అది కింద పడేలోపు తుపాకీతో కొట్టి పగలగొట్టాలి. నవ్వకు. ఆఫీసులో మధుకర్ అని ఒక స్నేహితుడున్నాడు, చేవెళ్ళ వైపు వాడు. అతనే మొదట తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళినవాడు ఇంకా సగం పళ్ళేలు వదిలేస్తున్నాడు గానీ, నేను మాత్రం దసరా దాటాక జరిగే రాష్ట్ర పోటీకి ఎంపికయ్యాను. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక మొదటిసారి ఒక ఆటలో నా పేరు బోర్డు మీదికి ఎక్కింది అత్తా. ఆ బోర్డును ఫోటో తీసి పెట్టుకుని, రోజూ మెట్రోలో రాయదుర్గం వచ్చేదాకా చూసుకుంటున్నాను.

చిక్కేమిటంటే, ఈ ఆటకు కావలసిన తూటాలు బజార్లో దొరకడం లేదు. దొరికిన కాసినీ పేరున్నవాళ్ళకే పోతున్నాయి. అందుకని మా క్లబ్బు ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకుని, కాల్చేసిన ఖాళీ గొట్టాలనే మళ్ళీ నింపుకోవడానికి ఒక గది ఏర్పాటు చేసింది. తుపాకీ మందు, సీసపు గుళ్ళు క్లబ్బు తాళంలోనే ఉంటాయి. నింపే యంత్రం, తూచే త్రాసు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. ఒకరు నింపినది మరొకరు కాల్చకూడదు, అది నియమం. అంటే పోటీలో నా తూటాలు నేనే నింపుకోవాలి.

ఏ యంత్రం కొనాలో తెలియక తల పగిలిపోతుంటే నువ్వు గుర్తొచ్చావు. మామకు పంట కాపలా తుపాకీ లైసెన్సు ఇచ్చిన కొత్తలో, వేరుశనగ చేలకు పందులు వచ్చే కాలమంతా నువ్వు వెనక వరండాలో పీట వేసుకుని తూటాలు నింపేదానివి. మమ్మల్ని గడప దాటనిచ్చేదానివి కాదు. కిటికీలోంచి నీ వీపు మాత్రం చూసేవాళ్ళం.

నేను కంప్యూటర్లో పెద్ద పట్టిక వేశాను. యంత్రం పేరు, గంటకు ఎన్ని నింపుతుంది, కొన్నవాళ్ళలో ఎంతమంది మెచ్చుకున్నారు, అన్నీ ఉన్నాయి. అందులో మొదట నిలిచింది ఒక తిరుగుడు యంత్రం. పిడి ఒకసారి లాగితే అన్ని పనులూ ఒకేసారి అయిపోయి ఒక తూటా బయటికి వస్తుంది. నువ్వు సరేనంటే అదే కొంటాను.

నాన్నకు తుపాకీ అంటే ఎంత భయమో నీకు తెలుసు. మామ తుపాకీ ఉన్న గదిలోకి ఇప్పటికీ అడుగు పెట్టడు. అందుకని ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు.

నీ మేనకోడలు,
సుష్మ


కదిరి
జూన్ 25

పళ్ళేలు పగలగొట్టే సుష్మకు అత్త ఆశీస్సులు.

పొయ్యిలో పెట్టమన్నావు. మా ఇంట్లో పొయ్యి పోయి గ్యాసు వచ్చి ఎన్నాళ్ళయిందో నీకు గుర్తున్నట్టు లేదు. గ్యాసు మీద కాగితం కాలిస్తే మీ నాన్న గోడ అవతల నుంచే వాసన పడతాడు. బియ్యం డబ్బా అడుగున దాచాను.

పళ్ళేలు పగలగొట్టడానికి అంత దూరం పోవాలా? చిన్నప్పుడు మా ఇంట్లో పింగాణీ సాసరు ఒక్కటి మిగల్చలేదు నువ్వు. ఆ రోజే ఎవరన్నా బోర్డు మీద నీ పేరు రాసి ఉంటే సరిపోయేది. సరే, ఎగతాళి పక్కన పెడితే, పోటీకి ఎంపికయ్యానని రాసిన చోట నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆపుకోలేక మీ మామకు చెప్పేశాను. కోప్పడకు. తిమ్మప్ప కడుపులో మాట ఎటూ పోదు, ఆయనను మాట్లాడనిచ్చేది ఎవరు గనక? విని, "నింపేది గూడా ఆయమ్మేనా? కాల్చేదొకటే గాదా?" అని మీసం దువ్వుకున్నాడు. ఆయన గురి గురించి ఊరంతా చెప్పుకున్నారు గానీ, తూటా ఎవరు నింపారని ఒక్కరన్నా అడిగిన పాపాన పోలేదు.

ఇక నీ తిరుగుడు యంత్రం. వద్దు.

ఉప్మా చేయడం రానిదానికి పెళ్ళి వంట అప్పజెబుతారా? అన్ని పనులూ ఒకేసారి అయిపోయే చోట తప్పు కూడా ఒకేసారి అయిపోతుంది, నీ కంటికి ఆనదు. ఒక పనికి ఒకసారి పిడి లాగే మోటు యంత్రం ఏదన్నా ఉంటుంది, అది చూడు. కాలిన టోపీ తీయడం ఒకసారి, నిప్పు పుట్టించే కొత్త టోపీ పెట్టడం ఒకసారి, మందు ఒకసారి, గుళ్ళు ఒకసారి. ప్రతి గొట్టంలోకీ తొంగి చూసి గానీ మూత మడవకూడదు. చెయ్యి నొప్పి పుడుతుంది. పుట్టనీ. నీ పట్టికలో గంటకు ఎన్ని అనే గడి కొట్టేయ్. అయినా నేను చూపించిన సంబంధాలకు కూడా ఇలాంటి పట్టిక ఒకటి వేసి ఉంటే ఈపాటికి నేను మనవరాలికి జడ వేస్తూ ఉండేదాన్ని.

యంత్రం కంటే ముందు త్రాసు కొను. దాని దగ్గర పిసినారితనం చేయకు. నా దగ్గర కంసాలి ఆచారి ఇచ్చిన బంగారం తూచే త్రాసు ఒకటి ఉందని నీకు తెలుసు. చెక్కపెట్టెలో, ఆ తుపాకీ గది బీరువాలోనే ఉంది. అడుగుతావేమో, ఇవ్వను. చెయ్యి కుదిరినవాళ్ళకు ఇస్తాను గానీ చుట్టరికానికి ఇవ్వను.

కాగితం మడతలో గురివింద గింజ ఒకటి పెట్టాను. పోగొట్టుకోకు, నోట్లో అసలే పెట్టుకోకు, అది విషం. బాగా ఎండిన గింజ, ఇంక పెరగదు, తరగదు. కొత్త త్రాసు వచ్చిన రోజున దీన్ని తూచి ఎంతుందో గుర్తు పెట్టుకో. పనిలో కూర్చునే ముందు ఒకసారి, లేచే ముందు ఒకసారి తూచు. ప్రతిసారీ అంతే ఉండాలి. లేకపోతే తప్పు గింజది కాదు.

ఇంకొకటి. తూటా నింపేటప్పుడు నోరు, ఫోను, రెండూ మూసెయ్యాలి. నీకు రెండోది కష్టం, మీ అమ్మకైతే మొదటిది.

అత్త


మియాపూర్
జూలై 19

అత్తకు,

నీ మాట విన్నాను. తిరుగుడు యంత్రం వదిలేసి, ఒక పనికి ఒక లాగుడు యంత్రమే కొన్నాను. పెట్టె విప్పగానే మధుకర్ చుట్టూ తిరిగి చూసి, "గిదేందక్కా, చెరకు రసం మిషన్ లెక్కున్నది" అన్నాడు. అతను మాత్రం తిరుగుడుదే కొన్నాడు. మొదటి రోజే ఎక్కడో ఇరుక్కుని, మా శిక్షకుడు విశ్వేశ్వరరావు గారు మొత్తం విప్పించి మళ్ళీ బిగించారు. నేను కొంచెం నవ్వాను, అంతే.

త్రాసు కూడా తీసుకున్నాను. బ్యాటరీది కొందామనుకుంటే, "దాన్ని నమ్ముకోకండి, ఈ ఏసీ గాలికే అది ఊగిపోతుందండి" అన్నారు విశ్వేశ్వరరావు గారు. అందుకని ఒక పక్క చిన్న పళ్ళెం, ఇంకో పక్క జరిపే బరువు ఉన్న కాడ త్రాసు కొన్నాను. ఖాళీ పళ్ళెంతో కాడ సమంగా నిలిచేలా మర సరిచేసుకుని మొదలుపెట్టాలి.

నీ గురివింద గింజ ఇప్పుడు నా పాత కాంటాక్ట్ లెన్సుల డబ్బాలో కాపురం ఉంటోంది. దాన్ని తూస్తుంటే మధుకర్ చూశాడు. "సీమోళ్ళంటే బాంబులే అనుకున్న. మీరు గింజలు గూడ తూకమేస్తరా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ అత్తా, ఈ ఊరికి వచ్చిన నాటి నుంచీ కదిరి పేరు చెబితే చాలు ఈ బాంబుల మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. మధుకర్ మంచివాడే, మనసులో ఏమీ ఉండదు. అయినా ప్రతిసారీ ఎక్కడో చివుక్కుమంటుంది. ఆ పోటీలో బాగా కొట్టి, సీమ అమ్మాయి చేతిలో తుపాకీ ఎలా ఉంటుందో ఒకసారి చూపించాలని ఉంది.

ఇప్పుడు నా వంతు. ఇన్నేళ్ళు నింపావే, ఒక్కరోజన్నా కళ్ళకు అద్దాలు పెట్టుకున్నావా? పెట్టుకోలేదని నాకు తెలుసు. ఇక్కడ అవి లేకుండా గదిలోకే రానివ్వరు. నాకు ఇన్ని నీతులు చెప్పినదానివి, నీ కళ్ళు దేవుడి మీద వదిలేశావు. అందుకే ఈ పార్సిల్లో నీకూ ఒక జత పంపుతున్నాను.

సుష్మ

మరొక మాట: మందు ఎంత పోయాలో ఆ కొలత నీకు గుర్తుందేమో గానీ, నాకు రాయకు. నీ కాలపు మందు వేరు, ఇప్పటి మందు వేరు. డబ్బాతో పాటు వచ్చిన పుస్తకంలో ఉన్నదే నా లెక్క. అందులో నీ మాట కూడా వినను.


కదిరి
ఆగస్టు 11

కోడలి పిల్లకు,

అద్దాలు అందాయి. ఉల్లిపాయలు తరగడానికి దివ్యంగా ఉన్నాయి. పెళ్ళయిన నాటి నుంచీ ఏడుస్తూనే తరిగాను, ఇప్పుడు నవ్వుతూ తరుగుతున్నాను. మీ నాన్న వచ్చి, "ఏందిది జయమ్మా, వెల్డింగు షాపు పెట్టినావా?" అన్నాడు. సుష్మ పంపింది అన్నాను. "యోగా చేసే పిల్లకు ఇయ్యెందుకు?" అన్నాడు. ఉల్లిపాయల యోగా అన్నాను. కాసేపు నా మొహం చూసి వెళ్ళిపోయాడు. ఆయనకు ఏదో అనుమానం తగిలినట్టుంది. నువ్వు పోయిన నెల వచ్చినప్పుడు నీ కుడి భుజం మీద కమిలిన మచ్చ నేనే చూశాను, ఆయన చూడకుండా ఉంటాడా?

కొలత రాయవద్దన్నావే, ఆ ముక్కకు నిన్ను మెచ్చుకున్నాను. నిజంగానే రాద్దామని కలం తీశాను. నీ ఉత్తరం చదివి మూసేశాను. నా మాట ఎక్కడ వినాలో, ఎక్కడ వినకూడదో తెలిసిన పిల్లవు. మీ మామకు ఇది ఇన్నేళ్ళయినా పట్టుబడలేదు.

బాంబుల మాట గురించి రాశావు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి తుపాకీ పట్టాను అనుకుంటే మాత్రం గురి తప్పుతుంది. నీకు ఇష్టమై పట్టావు. అది చాలు.

ఒక్కటి మాత్రం నా మాట వినాలి. ఊరికే నేర్చుకోవడం ఎన్నాళ్ళయినా నేర్చుకో గానీ, పోటీకి నింపేవి ఆయుధ పూజ అయ్యాకే మొదలుపెట్టు. మన ఇంట్లో నాగలి దగ్గరి నుంచి మీ నాన్న స్కూటరు దాకా గంధం, కుంకుమ పడనిదే పనిముట్టు కదలదు. యంత్రానికీ, త్రాసుకూ చక్కగా గంధం పూసి బొట్టు పెట్టు. హైటెక్ సిటీలో దేవుడు ఉండడని ఎవరన్నా చెప్పారేమో, నమ్మకు.

అత్త


మియాపూర్
అక్టోబరు 4

అత్తకు,

ఎంతకాలమైంది నీకు రాసి! ఆఫీసులో ఊపిరాడని పని. అయినా ప్రతి ఆదివారం క్లబ్బుకు పోతున్నాను. నేను నింపిన తూటాలతోనే సాధన చేస్తున్నాను. మొన్న పాతిక పళ్ళేల్లో రెండే వదిలాను అత్తా! మధుకర్ తుపాకీ కింద పెట్టి, "ఇగ మీరు షూటింగ్ జేయుండ్రి, నేను పళ్ళేలు ఏరుకుంట" అన్నాడు. విశ్వేశ్వరరావు గారు ఎవరినీ పొగడరు. నా గొట్టాలు వరుసగా నిలబెట్టిన బల్లను చూసి, "ఇది చూడండి, బల్ల అంటే ఇలా ఉండాలి" అని అందరినీ పిలిచి చూపించారు. ఆ బల్ల నీదే అనుకో.

పోటీ దసరా తర్వాత వచ్చే ఆదివారం. అందులో నా పేరు పైవరుసలో వస్తే రాష్ట్రం తరఫున ఆడే జట్టులోకి తీసుకుంటారు. రాకపోతే మళ్ళీ ఏడాదంతా మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. నాన్నకు పోటీ అయ్యాకే చెబుతాను, చేతిలో పతకంతో. పతకం చూశాక తిట్టడు. తిట్టినా కొంచెం సన్నగా తిడతాడు.

నువ్వు చెప్పినట్టే ఆయుధ పూజ రోజున గంధం, కుంకుమ పెట్టి, శుక్రవారం సెలవు పెట్టుకుని పోటీ తూటాలన్నీ ఒకే బిగిన నింపేస్తాను. మామను మీసం కొంచెం తగ్గించుకోమను. పోటీ పడేది ఆయన కాదు, నేను.

సుష్మ


మియాపూర్
అక్టోబరు 24, శనివారం

అత్తకు,

నేను పోటీకి వెళ్ళడం లేదు.

పూజ రోజున యంత్రానికి గంధం పూశాను. త్రాసు పళ్ళేనికి కూడా అడుగున నిండుగా పూసి బొట్టు పెట్టాను, నువ్వు చెప్పినట్టే. గంధం బరువుకు కాడ కొంచెం వాలింది. అది గమనించాను కూడా. గమనించి, పెద్ద తెలివిగా మర తిప్పి మళ్ళీ సమం చేసి పెట్టాను. అప్పుడు గంధం తడిగా ఉంది.

నిన్న కూర్చునేటప్పుడు గింజ తూచలేదు. పూజ రోజున నా చేత్తోనే సరిచేశాను గదా అనుకున్నాను. ఆఫీసు నుంచి ఫోన్లు వస్తాయని భయం, తొందరగా మొదలుపెట్టాలని ఆత్రం. అన్నీ నింపి, మూతలు మడిచి, వరుసగా పెట్టుకున్నాను. ఎంత బాగున్నాయో. లేచే ముందు అలవాటుగా గింజ తూచాను. తక్కువ చూపించింది. గింజ తరగదు గదా. గంధం ఎండి, కొంత రాలిపోయి, పళ్ళెం తేలికైపోయింది. అంటే త్రాసు సరిగ్గా ఉందని చూపించిన ప్రతిసారీ నేను మందు ఎక్కువ పోశాను. ఏ తూటాలో ఎంత ఎక్కువో చెప్పే దారి లేదు.

మధుకర్, "గింత గంధానికేమైతదక్కా? రెండేండ్ల కష్టం. పోదాం పాండ్రి" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు, అతని కళ్ళలో నీళ్ళు కూడా చూశాను. విశ్వేశ్వరరావు గారు మాత్రం, "మీరు నింపారు, మీరే కాలుస్తారు. నిర్ణయం మీదేనండి" అన్నారు. పక్క గీతలో నిలబడేది వేరేవాళ్ళు. మందు ఎక్కువై తుపాకీ గొట్టం చీలితే ఆ ముక్క నా పేరు చూసి రాదు. అన్నీ తీసుకెళ్ళి ధ్వంసం చేయమని క్లబ్బుకు అప్పజెప్పేశాను. మళ్ళీ నింపడానికి మందు ఇచ్చే రోజు ఇక పోటీ దాటాకే. నా పేరు కొట్టేశారు.

క్యాబులో గచ్చిబౌలి వచ్చేదాకా ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి పాటలు ఆపేశాడు.

బొట్టు పెట్టమన్నది నువ్వే అత్తా. ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. ఈసారికి ఎగతాళి ఏమీ రాయకు. నాకు నవ్వే ఓపిక లేదు.

సుష్మ


కదిరి
అక్టోబరు 31

నా తల్లి సుష్మకు,

ఎగతాళి చేయను. చేసే మొహం కూడా లేదు నాకు.

నేను బొట్టు ఎప్పుడూ పెట్టె మూతకే పెట్టేదాన్ని. పళ్ళేనికి పెడతారనే ఆలోచనే నాకు రాలేదు, అందుకే చెప్పలేదు. గురివింద గింజ తన నలుపు తానెరగదంటారు. గింజను నీకు పంపి, నలుపు నా దగ్గరే ఉంచుకున్నాను. నన్ను క్షమించు. నీ రెండేళ్ళ కష్టం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగడం లేదు.

ఇక అసలు సంగతి చెబుతాను, మనసు గట్టి చేసుకో. నీ ఉత్తరం పోస్టుమ్యాను మీ నాన్న చేతికిచ్చాడు. ఆయన నీ చేతిరాత గుర్తుపట్టి, కవరు చింపకుండా తెచ్చి నాకిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. "చదువు" అన్నాడు. మొదటి వాక్యంలోనే పోటీ సంగతి బయటపడిపోయింది. ఇంక దాచేదేముంది? చివరిదాకా చదివాను. తుపాకీ, క్లబ్బు, గంధం, అన్నీ.

నేను తిట్లకు సిద్ధమయ్యాను. "ఇంటికి తెచ్చిన యోగా చాప మీద ప్లాస్టిక్ కవరు గూడా చింపలే ఆ పిల్ల. నాకు తెలీదనుకుంటిరా?" అన్నాడు. తర్వాత, "అన్నీ పారబోసిందా? ఎవురూ చెప్పకుండానే?" అని అడిగాడు. ఎవరూ చెప్పకుండానే అన్నాను. "పక్కనుండే పిల్లోడు పోదాం రమ్మన్నా గూడా?" అన్నాడు. అవునన్నాను. ఆ రెండు ముక్కలూ నా చేత మళ్ళీ చదివించుకున్నాడు.

అప్పుడు లేచి, ఆ తుపాకీ గదిలోకి పోయాడు సుష్మా. మీ మామ తుపాకీ తెచ్చుకున్నాక ఆ గడప తొక్కని మనిషి. గోడకున్న తుపాకీ వైపు చూడను కూడా చూడలేదు. బీరువా తెరిచి త్రాసు పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇది ఆ పిల్లకు పంపు. నాకు భయమైంది తుపాకీ గాదు జయమ్మా. తొందర. తొందరపడినా ఆగింది ఆ పిల్ల" అన్నాడు. మీ మామ గుమ్మంలో నిలబడి అంతా విని, మొదటిసారి మీసం మీద నుంచి చెయ్యి తీసేశాడు.

చెయ్యి కుదిరినవాళ్ళకు ఇస్తానన్నాను గుర్తుందా? నువ్వు పళ్ళేలు ఎన్ని పగలగొట్టావో నాకు అనవసరం. నింపినవి పారబోయగలిగావు. నాకు అదే కావలసింది. పెట్టెను మీ నాన్న తన కొత్త తువ్వాలులో చుట్టాడు, దూది కూడా ఆయనే కూరాడు. పార్సిలు కట్టిన తాడు ముడి విప్పలేక అవస్థ పడతావు, కత్తెర వాడు.

సరే, ఒక్క ఎగతాళికి అనుమతి ఇవ్వు. బొట్టు మూతకు పెట్టు. పళ్ళేనికి వద్దు. పెళ్ళికూతురికైనా నుదుటి మీదే పెడతారు గానీ అరికాలికి పెట్టరు గదా.

అత్త


మియాపూర్
నవంబరు 16

అత్తకు,

త్రాసు వచ్చింది. ముడి నిజంగానే విప్పలేకపోయాను, చివరికి కత్తెరతోనే కోశాను. తువ్వాలు మాత్రం ఉతకకుండా దాచుకున్నాను, నాన్న వాసన వస్తోంది.

క్లబ్బులో లెక్క ప్రకారం నా కాడ త్రాసే వాడాలి. అందుకని నీ త్రాసును బల్ల మీద పక్కన పెట్టుకున్నాను, మూత మీద బొట్టుతో. మొన్న మధుకర్ వచ్చి, "అక్కా, జర ఆ గింజ ఇయ్యరా, నా త్రాసు జూసుకుంట" అన్నాడు. బాంబుల మాట ఎత్తలేదు. అడిగిన తీరు చూసి నాకు నవ్వొచ్చింది. నీకు రాసి అతనికీ ఒక గింజ తెప్పిస్తానన్నాను, కాబట్టి ఇంకొకటి పంపు. అతను కొంచెం తొందర మనిషి, రెండు పంపినా తప్పులేదు.

నా పేరున్న ఆ బోర్డు ఫోటో ఫోనులోంచి తీసేశాను. ఇంకా బాధగానే ఉంది. లేదని చెబితే అబద్ధమవుతుంది, యోగా తర్వాత ఇక అబద్ధాలు చాలనుకున్నాను. వచ్చే ఏడాది మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెడతాను.

నిన్న పొద్దున క్లబ్బుకు బయలుదేరి లిఫ్టు దగ్గర నిలబడ్డాను. ఫోన్ మోగింది. నాన్న. ఉత్తరం సంగతి తెలిశాక ఆయన గొంతు వినడం అదే మొదలు. క్షేమం అడగలేదు, తిన్నావా అని కూడా అడగలేదు.

"గింజ ఎత్తుకున్యావా?" అన్నాడు.

"ఎత్తుకున్యా నాన్నా."

"ముందు తూచల్ల. మళ్ళా అయినంక తూచల్ల."

"తూస్తా నాన్నా."

మీ అరుగు మీద కూర్చునే చేసి ఉంటాడు, వెనక నీ ఉల్లిపాయల పోపు చప్పుడు వినిపించింది.

"అట్లయితే పో" అన్నాడు.

సుష్మ